రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు

పొద్దున ఆరింటికి షట్టర్ సగం లేపంగనే
కింద నుంచి ముందుగాల ఆమె చెప్పులు కనిపిస్తయి.
బోరబండ సైట్ త్రీల ఇంత పొద్దున
పాల ప్యాకెట్ కోసం గాక వచ్చేది ఆమె ఒక్కతే.

"అక్కా, నా డబ్బా."

పెరుగు ప్యాకెట్ల వెనకాల, నిమ్మసోడాల కింద
తెల్లటి అట్టడబ్బా, అగ్గిపెట్టెల బండిల్ అంత.
మీద రాసుంటది: రెండు నుంచి ఎనిమిది డిగ్రీలు.
వాళ్ళ రేకుల గదిల ఈ ఏప్రిల్
నలభై రెండు.

మొదటి రోజు "షుగర్ సూదులక్కా" అన్నది.
ముప్పై ఏండ్ల పిల్లకు షుగరా అని
నేనూ అడగలే.
మూడో రోజు తనే చెప్పింది,
నేను చక్కెర జోకుతుంటే
కాంటా మీద అంకెలనే చూసుకుంట.
పేరు నవనీత. పెండ్లై తొమ్మిదేండ్లు.
మా బియ్యం బస్తాల సందుల నిలబడి
పొత్తికడుపు మీద చిటికెడు తోలు పట్టుకొని
తనకు తనే పొడుచుకుంటది.
ఒక్క సూది అంటే
వాళ్ళాయన బాలనర్సు ఐదు రోజులు నిలబడుడు.

ఆయన నిలబడేది మాదాపూర్ల, ఒక అద్దాల బిల్డింగు గేటు కాడ.
లోపలికి పోయేటోళ్ళ కార్డు మీద
ఇదే సూది వస్తదంట.
గేటు తీసేటోని కార్డు మీద రాదు.

ఏజెన్సోళ్ళిచ్చిన బుక్కు పట్టుకొచ్చి
"నువ్వు పదోది చదివినవు గదా, చూడక్కా" అన్నది.
చదివిన. పద్నాలుగో పేజీ. వర్తించనివి:
కండ్లద్దాలు, పండ్ల సొగసు, యుద్ధం,
సంతానలేమి, అణు విస్ఫోటనం.
మళ్ళొక్కసారి చదివిన.
బాంబుకూ లడాయికీ నడుమ
ఒక కామా అటు, ఒక కామా ఇటు,
నవనీత కడుపు.

కాన్పుకిస్తరంట, యాభై వేలు.
కాన్పు దాకా వచ్చే తొవ్వ ఖర్చు మాత్రం మనదే.

నాకు రెండో బిడ్డ పుట్టినంక
చాలంటే సర్కారు దవాఖానల
పైస తీసుకోకుండ ఆపరేషన్ చేసి
ఎదురు నా చేతిలనే పైసలు పెట్టి పంపిన్రు.
ఆ మాట ఆమెకు చెప్పలే.
చిల్లర రెండు సార్లు లెక్కపెట్టిన.

ఇట్లనే ఒక మాపటేళ కరెంట్ పోయింది.
గంట, గంటన్నర.
ట్రాన్స్‌ఫార్మర్ కాలిందన్నరు.
ఐస్‌క్రీం పెట్టె గుల్ల చేసి
గల్లీ పిల్లలను పిలిచి పంచిన.
మిగిలిన మంచుల, గడ్డ కట్టొద్దని తువ్వాల చుట్టి
సూదులను పండవెట్టిన.
పండవెట్టిన అనే మాట నోట్లోంచి వచ్చినంక
ఇద్దరం ఒకరి మొకం ఒకరం చూసుకోలే.
పిల్లలు పుల్లలు చప్పరిస్తున్నరు.
ఒకడు అంగీ మీద కార్చుకుంటే
నవనీత లేవబోయి, మళ్ళ కూసున్నది.

నిన్న కూల్‌డ్రింక్ కంపెనీ పిల్లగాడొచ్చిండు.
ఫ్రిజ్ వాళ్ళది. కాయితం మీద నా సంతకమున్నది:
మా సీసాలు తప్ప ఏదీ పెట్టరాదు.
పెరుగు సంగతి వానికెరుకే, చూడనట్టుంటడు.
ఈ డబ్బా తీసి
"ఇదేందక్కా? మందులు రూల్‌ల లేవు. సార్ ఫోటో అడుగుతడు" అన్నడు,
తలుపు బార్లా తెరిచిపెట్టి.
చల్లదనమంతా గల్లీలకు పోతున్నది.

"ముందుగాల తలుపెయ్యి."

డబ్బా వాని చేతులకెల్లి తీసుకొని
దాని జాగల దాన్ని పెట్టిన.
"ఇప్పుడు తీస్కో ఫోటో.
నా మొకం గుడ పడాలె."

ఇంకా రెండు సూదులున్నయి.