నాలుగో నంబరు

సింగరాయకొండలో రైలు దిగి
కందుకూరు బస్సెక్కే వాళ్లెవరికీ తెలీదు
ఇంకో రైలుందని.
మన్నేరు లైట్ రైల్వే.
సింగరాయకొండ నుంచి పామూరు దాకా,
మా డాబా మీది రేకుల గదిలో
పదకొండడుగుల పొడుగు.

పట్టాలు గొడుగు ఊచలు.
స్లీపర్లు అగ్గిపుల్లలు, తలలు గిల్లేసినవి.
వేలం కేంద్రంలో చీపురుకి చిక్కిన పొగాకు కాడలు
ఓగూరు దాటాక అడవి.

ఇంజన్లు నాలుగు. నంబర్లు అయిదు దాకా.
మూడో నంబరు రంగు ఆరకముందే
నా మోచెయ్యి తగిలి పాడైంది.
రిజిస్టరులో మాత్రం ఇట్టా రాశాను:
యుద్ధం రోజుల్లో ఓడెక్కించారు, తిరిగి రాలేదు.
రాశాక రెండు రోజులు
అన్నం సయించలేదు.

నాలుగో నంబరంటే నాకు ముద్దు.
పౌడరు డబ్బా ఒళ్లు,
ఆగిపోయిన గోడగడియారం పళ్లచక్రాలు,
బాల్‌పెన్ను మూతి పొగగొట్టం.
అందానికని ఒక జత చక్రాలు ఎక్కువ పెట్టాను.
కిటికీ దగ్గర మలుపులో
ప్రతిసారీ పక్కకి పడుకుంటుంది.
పీకడానికి మనసొప్పక
చీఫ్ ఇంజనీరు చేత ఉత్తర్వు ఇప్పించాను:
నాలుగో నంబరు కందుకూరు దాటరాదు.
ఆ చీఫ్ ఇంజనీరూ నా పుట్టింపే.
పేరు వరదాచారి. ముక్కోపి.

శనివారం మాలకొండ స్పెషల్.
మిగతా ఆరు రోజులూ గుడి తెరవరు గనక
ఆ రెండు పెట్టెలూ షెడ్డులోనే నిద్ర.
బండి పన్నెండు నిమిషాలు లేటు.
టైముకొచ్చే బండిని ఎవరు నమ్ముతారు?
డ్రైవరు చెంచురామయ్య
వలేటివారిపాలెంలో మజ్జిగకి దిగుతాడు.

"ఉన్న ఇంజనే చేసుకోరాదా,
బిట్రగుంటలో ఎన్ని చూళ్లా మనం?" అంటుంది మా ఆవిడ.
ఉన్నదాన్ని చేస్తే
కొలత తప్పిన చోటల్లా తప్పు కనపడుద్ది గదా,
అంటే నవ్వి, మెట్లు దిగి పోతుంది.

మొన్నటి వానకి రేకు కారి
మన్నేరు వంతెన అట్ట ఉబ్బింది.
రెండు కమానులు కొట్టుకుపోయినట్టు రాసి
లైను మూసేద్దామా అని
పెన్ను మూత తీసి కూర్చున్నా.

అప్పుడెక్కాడు డాబా,
మా పరుపు దూది ఏకడానికొచ్చిన మౌలాలి తాత.
విల్లు గోడకానించి
గుమ్మంలో నిలబడ్డాడు, చాలాసేపు.

"దీంట్లో ఎక్కినా నేను, అబ్బయా.
పామూరులో. చిన్నప్పుడు.
మా నాయన గొడుగు దీంట్లోనే మర్చిపోయి
ఈపు చిట్లేట్టు దెబ్బలు తిన్నా."

అట్టాంటి లైను భూమ్మీద లేదని
చెప్పబోయి నోరు తెరిచాను.
"ఏ ఇంజనో గుర్తుందా తాతా?"
అని మాత్రం వచ్చింది బయటికి.

నాలుగో నంబరు వైపు వేలు చూపించాడు.

అది పామూరు పోకూడదే!
వరదాచారికి ఏం చెప్పుకోవాలో తోచలేదు.

పోతూ పోతూ గోరంత దూది తెంపి
పొగగొట్టంలో దోపాడు.
"పొగ లేకపోతే ఎట్టా?"

రాత్రి రిజిస్టరు తీశాను.
పామూరు స్టేషను, దొరికిన వస్తువులు:
నల్ల గొడుగు ఒకటి.
సొంతదారు మౌలాలి, వయసు తొమ్మిది.
అప్పగించవలెను.

లైటు తీయబోతుంటే
పట్టాలు సన్నగా మెరిశాయి.
ఆ ఊచలు ఎవరి గొడుగువో
పాతసామాన్ల కొట్లో
అడగనేలేదు నేను.