ఒక కన్ను తప్పితే

గుండెలో వేసింది ఎలా ఉంటుందో చూపించమని
నేనే అడిగాను డాక్టర్ని.
అరచేతిలో పెట్టాడు నమూనా:
చీపురుపుల్ల ముక్కంత గొట్టం, ఒళ్లంతా కళ్లు.
వెంటనే గళ్లు లెక్కపెట్టాను. అలవాటు చావదుగా,
నలభై ఏళ్లుగా లేసు అల్లే చేతులివి.
"ఎవరల్లారండీ, ముడే కనబడదు!" అన్నాను.
ఆయన నవ్వాడు. మా ఏడుకొండలు సిగ్గుపడ్డాడు.

ముందు గ్యాసనుకున్నాను.
వాము నమిలాను, సోడా తాగాను,
దవడ లాగుతుంటే పన్ను నొప్పనుకున్నాను.
శనివారానికి ఆర్డరివ్వాలి.
ఇంకో నాలుగు వరసలల్లాకే పక్కకి ఒరిగిపోయాను.
సూది వేళ్లలోనే ఉందట.

భీమవరంలో, మణికట్టు దగ్గర చిన్న గాటు.
కోత లేదు, కుట్లు లేవు, మూడో రోజుకి నరసాపురం.
అంత చిన్న గాటుకి అంత పెద్ద జబ్బా అని
రాఘవమ్మ వదిన నమ్మలేదు.
నేను మాత్రం నమ్మానా!
చిరుగుకి మాటు వేశారు, అయిపోయిందనుకున్నాను.

రాత్రిళ్లు వేరే.
ఎడమ పక్కకి తిరిగితే నలుగుతుందేమోనని,
తుమ్మితే జారుతుందేమోనని,
కాలవ గట్టున లారీ పోయి మంచం అదిరితే
ఛాతీ మీద చెయ్యేసుకుని పడుకునేదాన్ని.
చెబితే నవ్వుతారు.

మాత్రల ఖర్చు చూశాక
రోజు విడిచి రోజు వేసుకున్నాను కొన్నాళ్లు.
నర్సు మరియకుమారి, పేరుపాలెం పిల్ల, తిట్టలేదు.
"అల్లికలో ఒక కన్ను వదిలేస్తే ఏమవుద్ది పిన్నీ?" అంది.
ఏమీ కాదు, దాచెయ్యడం నాకొచ్చు.
ఎన్ని దాచాను! ఏ ఏజెంటూ పట్టుకోలేదు.
ఆ మాట ఆ పిల్లకి చెప్పలేదు.
"ఆయ్, అర్థమైంది" అన్నాను.
ఇంటికొచ్చి చాలాసేపు కూర్చున్నాను.

ఇప్పుడు ఆరు వరసలకోసారి లేస్తాను.
మొదట గుమ్మం దాకా, తర్వాత వీధి చివరిదాకా,
ఈమధ్య లాకుల దాకా.
ఆవకాయ జాడీ ఆయన మంచం కిందకి మారింది.
పక్కింట్లో ఎండు మెత్తళ్లు వేపిన రోజు
ఆ వాసనతోనే చప్పిడి కూర కలుపుకుంటాను.
ఆయన బీడీ మానలేదు, వీధిలో కాల్చి లోపలికొస్తాడు.
త్యాగమట!

పొద్దున లాకుల దగ్గర ఆయాసమొచ్చి ఆగాను.
మణికట్టు చూసుకున్నాను. మచ్చ సూదిమొనంత.
ఇన్నేళ్లు అల్లిందంతా
ఏ దేశంలో, ఎవరి బల్ల మీద ఉందో నాకు తెలియదు.
నేను అల్లని ఈ ముక్క ఒక్కటే
నా దగ్గర ఉండిపోయింది.