తాళంచెవి ఎవరి దగ్గర

మంగళవారం సాయంత్రం ఏడింటికి అని
పోస్టర్లు నా చేత్తోనే రాశాను.
రొట్టెల దుకాణంలో ఒకటి, మందుల షాపులో ఒకటి,
చేపల మార్కెట్లో కాటా పక్కన ఒకటి.
నాలుగోది అంటిస్తుంటే కనపడింది,
ఏ మంగళవారమో రాయలేదు.

పెన్ను పట్టుకొని మళ్ళీ ఊరంతా తిరిగాను.
వాల్దివియాలో జూన్ వానకి
మొదలూ లేదు, చివరా లేదు,
అద్దె కట్టని మనిషిలా ఊళ్ళోనే ఉంటుంది.

"సమావేశమా? నువ్వా పెట్టేది?"
మా అక్క సిమేనా నవ్వు ఆపుకోలేకపోయింది.
నవ్వనీ.
పొయ్యి మీద పాలు పెట్టి బయటికొచ్చి
ఫైరింజన్ ఎటు పోతోందో చూద్దామని వెంటపడితే
అది మా గుమ్మం ముందే ఆగింది ఒకసారి.

ఒళ్ళు దగ్గర పెట్టుకోమన్నారు అందరూ,
నలభయ్యేళ్ళ పాటు.
ఎలాగో చూపించినవాళ్ళు లేరు.
మా అబ్బాయి కాగితాలు నింపుతూ నింపుతూ డాక్టరమ్మ
ఒక ప్రశ్న దగ్గర కలం ఆపి
వాణ్ణి వదిలేసి నన్ను చూసింది.
ఏడీడీ. మూడక్షరాలు.
ఇంటికొచ్చి స్నానాల గదిలో ఏడ్చాను,
కుళాయి కట్టెయ్యడం మర్చిపోయాను.

హాలు కోసం కాలనీ పెద్ద అనిబాల్ దగ్గరికెళ్ళాను.
"రోగుల సంఘమా?"
కాదండీ, మాట్లాడుకోవడానికి.
"ఏం మాట్లాడతారు?"
ఆయన గోడ గడియారంలో సెకన్ల ముల్లు
తొమ్మిది దగ్గర ప్రతిసారీ తడబడుతోంది.
ఏమడిగారు, అన్నాను.
"అర్థమైందమ్మా" అని తాళంచెవి తీసిచ్చాడు.

సరే, ఆ మంగళవారం.
తాళంచెవి లేదు.
పొద్దున్న చేతిలో ఉంది, మధ్యాహ్నం సంచిలో ఉంది,
ఏడింటికి భూమ్మీదే లేదు.
రేకుల చూరు కింద ఆరుగురం.
ఇంకొకాయన పోయిన మంగళవారమే వచ్చి
తలుపు కొట్టి వెళ్ళిపోయాడట.

పార్సిళ్ళు అందించే కుర్రాడు అమారో,
హెల్మెట్ తియ్యనే లేదు.
తన కోసం కాదు, క్లాసులో ఒక పిల్లాడి కోసం వచ్చానని
అడక్కుండానే చెప్పిన టీచరు నోయెలియా.
కూతురి చెయ్యి గట్టిగా పట్టుకున్న యాస్నా.
పడవలు కట్టే ముసలాయన ఎవరిస్తో.
నేను ప్రసంగం రాసుకొచ్చాను.
మొదటి పేజీ మాత్రం ఉంది.

ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోనక్కర్లేకుండా
అందరం వాన వైపు తిరిగి నిలబడ్డాం.
అందుకేనేమో మాటలొచ్చాయి.
ఎవరిస్తో అన్నాడు:
"మా ఆవిడ ఏదైనా చెబుతుంటే
మాట సగంలో ఉండగా నేను
పడవ అడుగుకొయ్య వంపులోకి వెళ్ళిపోయేవాణ్ణి.
అలిగేది. తర్వాత అలగడం మానేసింది.
ఇప్పుడు మనిషే లేదు.
ఆ మొదటి సగాలన్నీ నా దగ్గరున్నాయి.
రెండో సగాలు ఎవర్నడగను?"

చూరు నీళ్ళు.
నది ఒడ్డున సముద్ర సింహం ఒకటి అరిచి ఊరుకుంది.

అప్పుడు యాస్నా కూతురు మిల్లారాయ్, తొమ్మిదేళ్ళది:
"ఆంటీ, మీరు కాలు మార్చినప్పుడల్లా
మీ కోటు మోగుతోంది."
జేబు చిరిగింది. అస్తరులోకి చెయ్యి దూర్చాను.
అందరూ ఊపిరి బిగబట్టారు.
దొరికింది.
మా సైకిల్ తాళంచెవి, ఏడాదిగా వెతుకుతున్నది.

నోయెలియా నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది.
నవ్వుతూనే "ఆ పిల్లాడూ... నేనూ" అంది.
ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు హాల్లోనే కూర్చుంటున్నాం.
తాళంచెవికి ఏడు నకళ్ళు చేయించాం,
నాలుగు పోయాయి. తలుపుకి ఒకటి చాలు.
నియమాలు చాలా రాశాం, ఆ కాగితం కనపడటం లేదు,
ఒక్కటి గుర్తుంది:
మాట మధ్యలో ఎవరైనా తప్పిపోతే
పక్కనున్నవాళ్ళు దాని కొస పట్టుకొని కూర్చోవాలి,
వాళ్ళు తిరిగొచ్చేదాకా.

మొన్న ఎవరిస్తో అలాగే వెళ్ళాడు,
"మా ఆవిడ ఒకసారి నా పని చొక్కా చేత్తో పట్టుకొని" అని.
టీ చల్లారింది.
అమారో హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.
మిల్లారాయ్ కిటికీ ఆవిరి మీద వేలితో పడవ గీసి
చెరిపి, మళ్ళీ గీసింది.
చాలాసేపటికి ఆయన అన్నాడు:
"...ఉతకనంది.
రంపప్పొట్టు వాసన పోతుందని."