దండం బొమ్మ

ఊరి పేరు సన్‌షైన్.
మా వంటింట్లోకి ఎండ రావడం
అద్దెలో కలిపి లేదు.

రాత్రి డ్యూటీ దిగి, ఒంటినిండా రొట్టెపిండి వాసనతో
బూట్లు విప్పుతుంటే ఫోన్ మూలిగింది.
ఉమాకాంత్ గారు. తెలుగులో. ఎంతో మర్యాదగా.
"తల్లీ, బ్యాంకు వడ్డీలు పెరిగాయి.
వచ్చే ఒకటో తారీఖు నుంచి వారానికి మరో అరవై ఐదు.
మనవాళ్ళం కాబట్టి ముందే చెబుతున్నా."
చివర రెండు చేతుల దండం బొమ్మ.

మనవాళ్ళం.
ఆ మాట మీదే అగ్రిమెంటు చదవకుండా సంతకం పెట్టాను.
ఆ మాట మీదే గీజరు చచ్చిపోయిన పదకొండు రోజులు
అన్నం గిన్నెలో స్నానానికి నీళ్ళు కాచుకున్నాను.
మార్చిలో ఇలాగే ఓ మెసేజి పెట్టి ముప్పై పెంచితే
"సరేనండీ" అన్నాను.
నేను కొన్నవాటిలోకెల్లా ఖరీదైంది
ఆ సరేనండీ.

పక్కింటి తుయెట్ కంచె మీంచి పుదీనా అందిస్తూ
నా ముఖం చూసి ఫోన్ లాక్కుంది.
ఆమెకు తెలుగు రాదు. అంకెలు చదివింది. తేదీ చదివింది.
లోపలికెళ్ళి నీలం ఫైలు తెచ్చింది:
పంతొమ్మిదేళ్ళ అద్దె రసీదులు,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరిపెట్టిన నోటీసులు.
"ఫారం ఏదీ?" అంది.
ఏ ఫారం?
"అరవై రోజులేవీ?"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

రోజుకి అరవై ఘడియలని
తాతయ్య తొడపాశం పెట్టి నేర్పిన లెక్క.
ఇన్నాళ్ళకి అరవై దేనికో పనికొచ్చింది.

విచారణ ఫోన్‌లోనే.
బేకరీ వెనకాల, పిండిబస్తాల లారీ పక్కన
ఒక చెవి మూసుకుని నిలబడ్డాను.
ఇంగ్లీషులో ఉమాకాంత్ గారి గొంతు వేరే మనిషిది.
"మేమిద్దరం ఒకే భాషవాళ్ళం. నోటిమాట చాలు మాకు."
అవతల కాగితం తిప్పిన చప్పుడు.
"భాష సంగతి అడగలేదు. నోటీసు ఎక్కడ?"
కాసేపాగి ఆవిడే నన్నడిగింది,
ఈ చేతుల బొమ్మకు అర్థమేమిటని.
నమస్కారం అన్నాను.
"అంటే వేడుకోవడమా?"
లారీ కూతపెడుతూ వెనక్కొస్తోంది.
"పంపినవాళ్ళను బట్టి" అన్నాను.

చెల్లదన్నారు.
ఈ పెంపూ చెల్లదు, మార్చి నుంచి
నోరుమూసుకు కట్టిన ముప్పయ్యీ చెల్లదు, తిరిగిచ్చెయ్యాలి.

కిరాణా కొట్లో చిరుగునోటు వెనక్కి తోస్తూ
షావుకారు అనే మాట అది.
ఎప్పుడూ నా చేతిలోదే చెల్లేది కాదు.

పండగేమీ చేసుకోలేదు.
తుయెట్‌కి వేడివేడి రొట్టె ఒకటి,
నాకు ఓ పూట నిద్ర.

ఎనిమిదో రోజు రిజిస్టర్డు పోస్టు.
ఈసారి అసలు ఫారం. గడులన్నీ నిండుగా,
సంతకం వంకర లేకుండా.
అదే అరవై ఐదు.
తల్లీ లేదు. దండం లేదు.
ఎందుకో కాస్త గౌరవంగా అనిపించింది.

క్యాలెండరు మీద వేలుపెట్టి
తుయెట్ వియత్నామీస్‌లో లెక్కపెడుతోంది,
నేను వెనకే తెలుగులో.
ఇద్దరం ఒకే గడి దగ్గర ఆగాం.

యాభై తొమ్మిది.

మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాం,
ఈసారి చాలా నెమ్మదిగా.