పంటు కట్టేశాక

మా లంకకి ఫైరింజను రాదు.
వచ్చినా, అవతలి రేవులో నిలబడి
గంట కొట్టుకోవాల్సిందే.
పంటు రాత్రి ఎనిమిదికే కట్టేస్తారు.

అందుకే మార్గశిరం వచ్చిందంటే
అచ్చియ్యమ్మకి నిద్ర ఉండదు.
మంచు కారే కొబ్బరిచెట్ల కింద
టార్చి ఊపుకుంటూ ఇంటింటికీ వస్తుంది.
తడిక అవతల్నుంచే కేక:
"కుంపటెక్కడుందే?"

మంచం కింద ఉంది.
పురిటి వాసన ఇంకా పోని గదిలో
పదకొండు రోజుల పిల్లకి వెచ్చగా ఉంటుందని
కొబ్బరి చిప్పల నిప్పు.
పైన చీర ఉయ్యాల.
దాని పైన తాటాకు.

"బాలింతకి చలి తగలకూడదు" అంది మా అత్త.
"తగలబడితే చలి తగలదులే" అందామె.
తడిగుడ్డతో పట్టి
కుంపటి వాకిట్లోకి ఈడ్చేసింది.
చెంబెడు నీళ్లు.
సుయ్యిమంది.
బూడిద లేచి ముగ్గు మీద పడింది.

పిల్ల ఏడ్చింది. అత్త మూతి తిప్పుకుంది.
అచ్చియ్యమ్మ గుప్పెడు రాళ్లుప్పు వేయించి,
పొయ్యి ఆర్పి,
పాత పంచెముక్కలో మూటకట్టి,
తన చెంపకి ఆనించి చూసుకుని
పిల్ల కాళ్ల దగ్గర, దుప్పటి మడతలో పెట్టింది.
అప్పుడు చూశాను,
టార్చి పట్టిన చేతికి రెండు వేళ్లు
ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.
ఎప్పుడని అడగలేదు.
ఎవర్ని బయటికి లాగబోయిందో
అసలే అడగలేదు.

పంటు మోటారు ఆగిపోవడం వినబడితే
ఇప్పుడు నేనే లేస్తున్నాను.
పొయ్యి మీదికి అరచెయ్యి చాపి
బూడిద వేడి చూస్తాను.
ఫోను ఛార్జరు పీకేస్తాను.
మూలనున్న కొబ్బరిపీచు అవతల పారేస్తాను.

ఇందాక అవతలి రేవులో
ఎవరో బీడీ ముట్టించారు.
మిణుగురంత వెలుగు.
పిల్లని భుజానేసుకుని
అది ఆరేదాకా చూస్తూ నిలబడ్డాను.