ఖాళీ తట్ట

కాశీబుగ్గ జీడి కార్ఖానా మేడ మీద
రేకుల గదిలో నా ఉద్యోగం.
కింద తూచిన పప్పు పైన లెక్క కావాలి,
లెక్క శనివారానికి కూలీ కావాలి.
మధ్యలో నడిచే ప్రోగ్రాము దాలినాయుడు రాసి వెళ్లింది.
ఎక్కడో బ్యాంకులో చేరాడంటారు.
ఫోను మోగుతుంది, ఎత్తడు.

తెరిచి చూశాను.
కొత్తది.
కొత్తది రెండు.
అసలు కొత్తది.
అసలు కొత్తది సోమవారం.
ముట్టుకోవద్దు.
ముట్టుకోవద్దు లోపల మళ్లీ ఓ కొత్తది.
పెళ్లి మర్నాటి విడిదిలా ఉంది,
ఏ చెంబు ఎవరిదో చెప్పేవాళ్లు లేరు.

నాకు చిన్నప్పట్నించీ సర్దుడు జబ్బు.
ఆ రాత్రి తూకాలన్నీ ఒక ఫోల్డర్లోకి,
కూలీ రేట్లు ఇంకోదాన్లోకి జరిపి,
రసీదులు అచ్చువేసేవాటికి వేరే గది కట్టి
ఫ్యాను గాలికి కాసేపు మురిసిపోయాను.
తాత్కాలికం అని ఒకటి మిగిలింది.
చెత్తబుట్ట అంచుదాకా లాక్కెళ్లాను.
ఎందుకో వేలు ఎత్తలేక
ఓ మూలకి తోసి దీపం ఆర్పాను.

పొద్దున్న ఏడుకి కాటా ముందు వరుస.
రసీదు మీద సున్నా.
వెనకామెకీ సున్నా.
ఏడు కిలోలు ఒలిచిన తామాడ దమయంతికి సున్నా.
ఆమె చీటీని వెలుతురుకి ఎత్తి చూసింది,
సున్నా వెనకాల ఏదైనా దాక్కుందేమో అన్నట్టు.

ఒక్క ఫైలూ పోలేదు, ఒక్క అక్షరమూ చెరగలేదు.
ఒకదాన్నొకటి పిలుచుకునే పిలుపులు మాత్రం
పాత గడపల ముందు నిలబడి తలుపు కొడుతున్నాయి.
ఇల్లు మార్చాను గాని
ఆ ఇంటి దారి ఎవరెవరి నోట్లో ఉందో
అడగనే లేదు.

గ్రేడింగు బల్ల కుంతమ్మ మెట్లెక్కి వచ్చింది.
జీడి నూనెకి నల్లబడి
వేలిముద్ర మిషను ఏనాడూ ఒప్పుకోని వేళ్లతో
గుమ్మం పట్టుకుంది.
"ఏటమ్మా, సర్దినావా?"
సర్దాను.
"మా కాడా ఓపాలి సర్దినారు.
గుండు తట్టని కిటికీ కాణ్ణించి గోడ కాడికి జరిపినారు.
కళ్లకి తెలుసు. సేతికి తెలీదు గదా.
మూడ్రోజులు గుండూ బద్దా కలిసిపోనాయి,
సేటు ఒకటే తిట్లు.
అప్పుడు నానేటి సేసినానో ఎరుగుదువా?
పాత సోట కాళీ తట్టొకటి ఒగ్గేసినాను.
సెయ్యి ఆటికే ఎల్తాది, కాళీ తగుల్తాది,
అప్పుడు మనిసి గోడ కేసి సూస్తాది.
వారం తిరిగీసరికి ఆ తట్టా అక్కర్లేకపోనాది.
బేగి కానీ, కింద ఎండెక్కిపోతోంది."

పాత చోట్లన్నిటా ఒక్కో చిన్న ఫైలు ఉంచాను.
లోపల సరుకేమీ లేదు,
అటు చూడు అనే ఒక్క వరుస తప్ప.
పదిన్నరకి కాటాకి మాట వచ్చింది.
దమయంతి రెండో చీటీని కూడా
వెలుతురుకి పెట్టే చూసుకుంది.

రాత్రి తాత్కాలికం తెరిచాను.
తిత్లీ తుఫాను వారం తూకాలు.
కరెంటు లేక కాగితాల మీద రాసి
తర్వాతెప్పుడో ఒక్కొక్కటీ ఎక్కించిన నూట పది పేర్లు.
అన్నిటికీ పైన దాలినాయుడి మాట:
తడి పప్పు, బరువు ఎక్కువ చూపిస్తోంది.
అయినా తగ్గించకండి.
తోటలు కూలిపోయిన ఏడు ఇది.
సేటు అడిగితే నా పేరు చెప్పండి.

అది తాత్కాలికమట.
వేలు ఎత్తి ఉంటే?

చెరిపి మళ్లీ రాయలేదు, జరిపాను.
జరిపితే ఎవరు ఏ తేదీన రాశారో
ఆ జాడ కూడా వెంట నడిచి వస్తుంది.
పేరు మార్చబోయి తుఫాను అని కొట్టాను,
బాగోలేదు, తీసేశాను.
బాకీ అన్నాను. అదీ కాదు.
చివరికి దాలినాయుడు అని పెట్టి
ఆయనకి ఫోను చేశాను.

ఈసారి మోగను కూడా లేదు.
ఈ నంబరు వాడుకలో లేదని ఎవరో చెప్పారు,
రెండు భాషల్లో, ఎంతో మర్యాదగా.
ఆ పాత చోట
తట్ట ఎవరూ ఒగ్గలేదు.