రెప్పకి టక్కు

పట్నంబజారులో మధ్యాహ్నం పూట
షట్టరు సగం దించి కొట్టువాళ్ళు లోపల కునుకు తీస్తారు చూడండి,
నా రెప్పలు పుట్టుకతోనే అలా.
లోపల కునుకేం లేదు.
మనిషి మేలుకునే ఉంది.
వంగి చూస్తే కాళ్ళు కనిపించేవి.

వంగేదెవరు?
నేనే గడ్డం ఎత్తాను.
ఎత్తితేనే నల్లబల్ల, ఎత్తితేనే ఎదుటి మొహం,
నుదురు నాలుగు మడతలు పెడితేనే
బస్సు మీద ఊరిపేరు.
బళ్ళో నిద్రమొహం అన్నారు,
పేటలో కళ్ళు నెత్తికెక్కాయన్నారు.

మా నాన్న జకరయ్యవీ ఇవే రెప్పలు.
పొగాకు కంపెనీలో ఈనెలు తీసేవాడు.
ఒకరోజు మేస్త్రి వచ్చి ఎదురుగా నిలబడి
పనిలో నిద్రపోతున్నావని పేరు కొట్టేశాడు.
ఆ పూట నాన్న తీసిన ఈనెల కుప్ప
మోకాలెత్తుంది.
కుప్పని ఎవరూ అడగలేదు.

ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలో
అరువు కోటు వేసుకుని గడ్డం ఎత్తి కూర్చున్నాడు,
జిల్లాకి కలెక్టరులాగా.
ఫొటో తీసేవాడు కనబడాలని తప్ప
ఆ ఎత్తులో ఇంకేం లేదు.

కొత్తపేట ఆసుపత్రిలో డాక్టరమ్మ
చిన్న స్కేలు నా కంటి ముందు పెట్టి
పైకి చూడు, కిందికి చూడు అంది.
నాలుగు మిల్లీమీటర్లు ఎత్తాలంది.
జాకెట్లు కుట్టేదాన్ని, నాకు అంగుళాల్లో చెప్పమన్నాను.
నవ్వింది.
రెప్పని లేపే కండకి బలం చాల్లేదట,
కొంత తీసేసి, పొట్టి చేసి, మళ్ళీ కుడతానంది.
అంటే టక్కు పట్టడమేగా,
పెరిగే పిల్ల లంగాకి పట్టినట్టు?
అంతే, అంది.
భయం పోయింది.
ఆ నెల చీటీ నేనే పాడాను.

మత్తు రెప్పల వరకే.
సూది తెలీదు, దారం లాగడం తెలుస్తుంది.
నా మిషను కింద గుడ్డకీ అంతే తెలుస్తుందేమో.
మధ్యలో లేపి కూర్చోబెట్టారు.
నెత్తురు తుడిచి, సువార్తమ్మా, కళ్ళు తెరువు, అంటూ
రెండడుగులు వెనక్కి జరిగి చూసింది,
పెళ్ళికూతురి జాకెట్టు కొలత చూసినట్టు.
ఎడమవైపు అరగీత తక్కువ.
విప్పి మళ్ళీ కుట్టింది.
విప్పి కుట్టేవాళ్ళ మీద నాకు నమ్మకం.

మూడు వారాలు రెప్పలు పూర్తిగా మూతపడలేదు.
నిద్రలో సన్నగా తెలుపు కనిపిస్తుంటే
పని నేర్చుకునే రమీజా జడుసుకుంది,
జడుసుకుంటూనే వేళకి చుక్కలు వేసింది,
మిర్చి లారీలు తిరిగే దారికి పోనివ్వలేదు.
గాలికి ఎవరు చెప్తారు?
నాలుగు వీధులు దాటొచ్చి కంట్లో పడేది ఘాటు.
ఏడ్చాను. ఘాటుకే అనుకోండి.

వాపు తీసిన రోజు అద్దంలో
ఎవరో ఆశ్చర్యపోయిన ఆడమనిషి.
వేలితో రెప్ప లేపకుండా నా కళ్ళరంగు చూసుకోవడం అదే మొదలు:
పాతబెల్లం రంగు.
నాన్నవి ఏ రంగో.
ఫొటో నలుపూ తెలుపూ, అందులోనూ సగమే.
పక్కన మొహం పెట్టి చూసుకున్నాను.
ఈ పిల్ల జకరయ్య కూతురే అని
ఇక ఎవరూ అడక్కుండా చెప్పలేరు.
ఆ నాలుగు మిల్లీమీటర్లలో ఆయన ఉన్నాడని
స్కేలుకి తెలీదు.
నాకూ తెలీలేదు.

గడ్డం మాత్రం దిగలేదు.
మెడకి టక్కు ఎవరు పడతారు?
సూదిలో దారం ఎక్కిస్తూ ఎత్తుతాను,
రమీజాని కేకేస్తూ ఎత్తుతాను.
నిన్న ఒకావిడ లైనింగు జాకెట్టుకి యాభై తగ్గించమంది.
కుదరదన్నాను.
నీకు కళ్ళు నెత్తికెక్కాయే, అంది.

అవునమ్మా, అన్నాను,
చీటీ పాడి మరీ ఎక్కించుకున్నాను.